మీకు తెలుసా? మాట రాని చిట్టెలుకను ప్రశ్న అడగడం ఎలా

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు చదువు ఎందుకు ఆలస్యంగా అబ్బుతుంది? నిన్న నేర్చుకున్నది ఇవాళ ఎందుకు జారిపోతుంది? ఏదైనా మందు వాళ్ళకు చేయూతనిస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు వెతికే ప్రయోగశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా సాక్ష్యం చెబుతున్నది ఒక చిట్టెలుక. దానికి మాట రాదు. అది ఈదే తీరు, వాసన చూసే తీరు, ఒక వస్తువు దగ్గర ఆగే తీరు, ఇవే దాని జవాబులు. ఆ జవాబులను సరిగ్గా అర్థం చేసుకోవడానికి పరిశోధకులు ఏమేం చేస్తారో, తొందరపడితే ఎక్కడ బోల్తా పడతారో చెప్పే సంగతులు కొన్ని చూడండి.

జన్యువుల్లో తప్పు లేదు, లెక్కలోనే తేడా

మనిషి కణంలో మామూలుగా 23 జతల క్రోమోజోములు ఉంటాయి, అంటే 46. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చాలామందికి 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. మొత్తం 47 అవుతాయి. ఆ మూడోదానిలో చెడిపోయిన జన్యువేమీ ఉండదు. అందరిలోనూ ఉండే 200కు పైగా జన్యువులే అక్కడ మరో కాపీగా ఉంటాయి. ఫలితంగా వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లలో చాలా వాటి మోతాదు పెరుగుతుంది. మెదడు, గుండె, థైరాయిడ్, ఎముకలు అన్నీ ఆ మోతాదు తేడాతోనే ఎదుగుతాయి.

ఈ లక్షణాలను 1866లో ఒకచోట చేర్చి వర్ణించినవాడు ఇంగ్లండ్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్. అసలు కారణం తెలియడానికి ఇంకో 93 ఏళ్ళు పట్టింది. పారిస్‌లోని ట్రూసో ఆస్పత్రిలో మార్త్ గోటియే అనే యువ వైద్యురాలు కణాలను పెంచి, అదనపు క్రోమోజోమును చూడగలిగేలా చేశారు. 1959లో జెరోమ్ లెజూన్, గోటియే, రేమండ్ టర్పాన్ పేర్లతో ఆ పరిశోధన వెలువడింది. పేరు మాత్రం చాలా ఏళ్ళు లెజూన్‌కే దక్కింది. ప్రపంచంలో సుమారు 700 నుంచి 800 కాన్పులకు ఒక బిడ్డ ఈ అదనపు క్రోమోజోముతో పుడుతుంది. 21వ క్రోమోజోము మూడు కాపీలు కాబట్టి మూడో నెల 21వ తేదీని, అంటే మార్చి 21ని, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా జరుపుతారు. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి దీన్ని పాటిస్తోంది.

ఎలుకలో 21వ క్రోమోజోమే లేదు

చిట్టెలుకకు ఉండేవి 20 జతలే. అయినా మన 21వ క్రోమోజోములోని జన్యువులకు సాటివచ్చే జన్యువులు దానిలోనూ ఉన్నాయి. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు మూడు ఊళ్ళలో కాపురాలు పెట్టినట్టు, అవి ఎలుకలో 16, 17, 10వ క్రోమోజోముల మీద విడివిడిగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటా 16వ దానిది.

అందుకని తొలిరోజుల్లో 16వ క్రోమోజోము మొత్తాన్నీ మూడు కాపీలుగా ఉంచి చూశారు. ఆ పిల్లలు తల్లి కడుపులోనే, లేదంటే పుట్టీ పుట్టగానే చనిపోయేవి. 16వ దాని మీద డౌన్ సిండ్రోమ్‌తో సంబంధం లేని జన్యువులు కూడా ఎన్నో ఉండడమే దానికి కారణం. పుట్టని ఎలుక ఎలా నేర్చుకుంటుందో, ఏం గుర్తుపెట్టుకుంటుందో చూడలేం. ప్రవర్తనను గమనించాలంటే ముందు బతికి పెద్దదయ్యే ఎలుక కావాలి.

బార్ హార్బర్ ఎలుక

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున బార్ హార్బర్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి జాక్సన్ లేబొరేటరీ ప్రపంచమంతటికీ పరిశోధన ఎలుకలను పంపిస్తుంది. ఆ సంస్థలో మ్యూరియల్ డేవిసన్ మగ ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి, వాటి సంతానంలో క్రోమోజోములు ఎక్కడ విరిగి ఎక్కడ అతుక్కున్నాయో ఓపికగా వెతికారు. చివరికి కావలసింది దొరికింది. 16వ క్రోమోజోము చివరి ముక్క 17వ దాని మొదటి భాగానికి అతుక్కుని, ఒక చిన్న అదనపు క్రోమోజోముగా మారిన ఎలుక అది. దాని పేరు టీఎస్65డీఎన్. 1990లో దాని సంగతి బయటికి వచ్చింది.

ఈ ఎలుకలు బతికి పెద్దవయ్యాయి. 1995లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ రీవ్స్, డేవిసన్, వారి సహచరులు కలిసి ఈ ఎలుకలకు నేర్చుకోవడంలో ఇబ్బంది ఉందని చూపించారు. అప్పటి నుంచి డౌన్ సిండ్రోమ్ మీద ఎలుకలతో జరిగిన పరిశోధనల్లో అత్యధిక భాగం ఈ వంశం మీదే నడిచింది.

తోడబుట్టినదే పోలిక

టీఎస్65డీఎన్ మగ ఎలుకలకు చాలావరకు సంతానం కలగదు. కాబట్టి అదనపు క్రోమోజోము తల్లి నుంచే పిల్లలకు రావాలి. ఒక్కో ఈతలో కొన్ని పిల్లలకు అది వస్తుంది, కొన్నిటికి రాదు. వచ్చినవాటిలో కొన్ని పాలు మానకముందే చనిపోతాయి, బతికినవి తోబుట్టువుల కంటే చిన్నగా ఉంటాయి.

క్రోమోజోము రాని తోబుట్టువులకూ ఇక్కడ పెద్ద పని ఉంది. ఒకే తల్లి పాలు తాగి, ఒకే బోనులో పెరిగి, ఒకే మేత తిన్న ఎలుకల మధ్య తేడా కనిపిస్తేనే అది ఆ అదనపు క్రోమోజోము వల్ల వచ్చిన తేడా అని ధైర్యంగా అనగలం. ఏ ఎలుక ఏ రకమో పరీక్ష చేసే మనిషికి తెలియకూడదు. తెలిస్తే కన్ను తాను అనుకున్నదే చూస్తుంది, స్టాప్‌వాచ్ మీద వేలు అర క్షణం ముందో వెనకో పడుతుంది. అందుకే బోనుల మీద గుర్తు అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ రకానిదో లెక్కలన్నీ పూర్తయ్యాకే బయటపెడతారు.

తెల్లటి నీళ్ళలో దాగిన తిన్నె

ఈ రంగంలో అన్నిటికంటే పేరున్న పరీక్షను 1981లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మోరిస్ పెద్ద ఎలుకల కోసం తయారుచేశారు. తర్వాత అది చిట్టెలుకలకూ వచ్చింది. దగ్గర నిలబడి చూస్తే ఇలా ఉంటుంది. నాలుగడుగుల వెడల్పున్న గుండ్రటి తొట్టి. అందులో గోరువెచ్చగా కూడా లేని, కాస్త చల్లటి నీళ్ళు. విషం లేని తెల్ల రంగు కలిపినందువల్ల లోపల ఏముందో కనిపించదు. ఒకచోట నీటిమట్టానికి ఓ సెంటీమీటరు కింద చిన్న తిన్నె దాగి ఉంటుంది. గది గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు ఉంటాయి, ఒకవైపు త్రికోణం, ఒకవైపు చారలు.

ఎలుకను నెమ్మదిగా నీళ్ళలోకి వదులుతారు. అది ఈదుతుంది. ఒక నిమిషంలో తిన్నె దొరక్కపోతే చేత్తో దారి చూపి దాని మీద నిలబెడతారు. అక్కడ నిలబడి అది చుట్టూ చూస్తుంది. తర్వాత తువాలుతో ఒళ్ళు తుడిచి వెచ్చటి చోట ఉంచుతారు. రోజుకు నాలుగుసార్ల చొప్పున కొన్ని రోజులు ఇలా చేస్తే మామూలు ఎలుక గోడ మీది బొమ్మలను ఆనవాలు పెట్టుకుని, ఎటు నుంచి వదిలినా నేరుగా తిన్నె దగ్గరికి ఈదుతుంది. చివరి రోజు తిన్నెను తీసేస్తారు. గుర్తున్న ఎలుక తిన్నె ఉండే చోటే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది.

టీఎస్65డీఎన్ ఎలుకలు చాలాసేపు వెతుకుతాయి. కొన్ని తొట్టి గోడను అంటిపెట్టుకుని గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. తిన్నె తీసేసిన రోజున అవి ఆ చోటును ప్రత్యేకంగా వెతకవు.

గుర్తులేదా, కనిపించలేదా?

తిన్నె దొరకలేదంటే గుర్తులేదని రాసేయవచ్చా? ఇక్కడే అసలు జాగ్రత్త మొదలవుతుంది. టీఎస్65డీఎన్ ఎలుకల వంశంలో చూపును పోగొట్టే ఒక జన్యుదోషం కూడా తరతరాలుగా కలిసి వస్తోంది. అదనపు క్రోమోజోముతో దానికి సంబంధం లేదు, పెంపకానికి వాడిన మరో జాతి ఎలుకల నుంచి అది వచ్చింది. రెండు వైపుల నుంచీ ఆ దోషం వచ్చిన పిల్లకు రెటీనా చిన్నతనంలోనే దెబ్బతిని చూపు పోతుంది. ఆ పెంపకంలో నాలుగింట ఒక పిల్ల దాకా ఇలా పుట్టవచ్చు.

గోడ మీది బొమ్మలే కనిపించని ఎలుకకు తిన్నె దొరక్కపోతే అందులో జ్ఞాపకశక్తి లోపం ఏముంది? అందుకే పరీక్షకు ముందే ఆ జన్యువును పరీక్షించి, చూపు లేనివాటిని పక్కన పెడతారు. తర్వాత ఆ దోషం లేని వంశాన్ని కూడా తయారుచేశారు. తిన్నె మీద జెండా కట్టి, స్పష్టంగా కనిపించేలా పెట్టి మరో పరీక్ష కూడా చేస్తారు. జెండా కనిపిస్తున్నా చేరలేని ఎలుకకు కష్టం చూపులోనో, ఈతలోనో, భయంలోనో ఉందన్నమాట. జెండా ఉంటే చేరి, లేకపోతే దారి తప్పే ఎలుక విషయంలోనే జ్ఞాపకం గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

కొత్తదాని దగ్గర ఎంతసేపు?

నీళ్ళూ భయమూ లేని పరీక్ష కూడా ఒకటుంది. ఖాళీ పెట్టెలో ఒకేలాంటి రెండు వస్తువులు పెట్టి ఎలుకను పది నిమిషాలు వదులుతారు. మర్నాడు ఒకదాన్ని తీసి కొత్త వస్తువు పెడతారు. ఎలుకలకు కొత్తవాటి మీద ఆసక్తి ఎక్కువ. నిన్నటి వస్తువు గుర్తుంటే కొత్తదాని దగ్గర ముక్కు ఎక్కువసేపు తిప్పుతుంది. గుర్తులేకపోతే రెండూ కొత్తవే కాబట్టి రెంటి దగ్గరా సమానంగా గడుపుతుంది.

టీఎస్65డీఎన్ ఎలుకలు 24 గంటల తర్వాత ఈ పరీక్షలో తేడా గుర్తించలేకపోవడం చాలాసార్లు కనిపించింది. ఇక్కడ కూడా చిన్న చిన్న జాగ్రత్తలే ఫలితాన్ని నిలబెడతాయి. ప్రతి ఎలుక తర్వాతా పెట్టెనూ వస్తువులనూ ఆల్కహాల్‌తో తుడవాలి. లేకపోతే ముందు వచ్చిన ఎలుక వాసనే ఈ ఎలుకకు కొత్త విషయమవుతుంది. రెండు వస్తువుల్లో ఏదో ఒకటి సహజంగానే ఎలుకకు ఎక్కువ నచ్చేదైతే లెక్క అంతా తారుమారవుతుంది. అందుకే వస్తువుల స్థానాలనూ వంతులనూ మారుస్తుంటారు.

తోక పట్టుకుంటే జవాబు మారుతుంది

ప్రయోగశాలల్లో ఎలుకను తోక పట్టుకుని ఎత్తడం ఎంతోకాలంగా ఉన్న అలవాటు. 2010లో ఇంగ్లండ్ పరిశోధకులు జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ దీన్ని పరీక్షించారు. తోకతో ఎత్తిన ఎలుకలు మనిషి చేతిని చూస్తే దూరం జరిగాయి, వాటిలో ఆందోళన పెరిగింది. దోసిట్లోకి తీసుకున్నవీ, చిన్న గొట్టంలోకి నడిపించి ఎత్తినవీ మనిషి దగ్గరికి తామే వచ్చాయి. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో సంగతి చెప్పారు. గదిలో మగ పరిశోధకుడు ఉంటే, అతని వాసనకే ఎలుకల్లో ఒత్తిడి పెరుగుతుంది.

భయపడ్డ ప్రాణి తనకు తెలిసినది కూడా చూపించదు. జంతువుల పట్ల దయ, మంచి సైన్సు రెండూ ఇక్కడ ఒకే దారిలో నడుస్తాయి. జంతువులకు బదులు మరో మార్గం ఉంటే అదే వాడాలని, తప్పకపోతే తక్కువ జంతువులను వాడాలని, వాటికి బాధ తగ్గించాలని రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు సూత్రీకరించింది కూడా, అదనపు క్రోమోజోము సంగతి వెలువడిన 1959లోనే.

ఒకే పరీక్ష, మూడు ఊళ్ళు, మూడు ఫలితాలు

అమెరికాలోని పోర్ట్‌లండ్, ఆల్బనీ, కెనడాలోని ఎడ్మంటన్. ఈ మూడు ఊళ్ళలో ఒకే జాతుల ఎలుకలతో, ఒకేలాంటి పరికరాలతో, రోజులో ఒకే వేళకు, ఒకే పద్ధతిలో పరీక్షలు చేశారు. జాన్ క్రాబ్, డగ్లస్ వాల్‌స్టెన్, బ్రూస్ డ్యూడెక్ చేసిన ఈ ప్రయోగం 1999లో సైన్స్ పత్రికలో వచ్చింది. పెద్ద తేడాలు మూడుచోట్లా ఒకేలా కనిపించాయి. చిన్న తేడాలు మాత్రం ఊరు మారితే మారాయి.

డౌన్ సిండ్రోమ్ ఎలుకల విషయంలో ఈ పాఠం మరీ ముఖ్యం. ఒక ప్రయోగశాలలో కొన్ని ఎలుకలు కాస్త మెరుగుపడ్డాయన్న వార్త రాగానే మందు దొరికిందని సంబరపడకూడదు. ఇంకో ఊళ్ళో, వేరే చేతుల్లో, మరిన్ని ఎలుకల్లో అదే కనిపించిన తర్వాతే దాన్ని నమ్మడం మొదలుపెట్టాలి.

ఆటవస్తువులు ఆడవాటికి మేలు, మగవాటికి చేటు

పెద్ద బోను, చక్రాలు, గొట్టాలు, ఆటవస్తువులు, ఎక్కువ తోడు. ఇలాంటి చోట పెరిగితే ఎలుకలు బాగా నేర్చుకుంటాయని అందరూ అనుకునేవారు. స్పెయిన్‌లోని కాంటాబ్రియా విశ్వవిద్యాలయంలో కార్మెన్ మార్టినెజ్ క్యూ బృందం 2002లో టీఎస్65డీఎన్ ఎలుకలతో ఇది చేసి చూసింది. ఆడ ఎలుకలు నీటి తొట్టి పరీక్షలో మెరుగుపడ్డాయి. మగవి వెనకబడ్డాయి. ఎక్కువ మగ ఎలుకలు ఒకేచోట ఉంటే పెత్తనం కోసం కొట్లాటలు, ఒత్తిడి వస్తాయని, ఆ ఒత్తిడే నేర్చుకోవడానికి అడ్డుపడి ఉండవచ్చని పరిశోధకులు భావించారు.

అన్నిటినీ కలిపి సగటు తీసి ఉంటే ఆటవస్తువులతో ఏ ఫలితమూ లేదని తేలేది. ఆడ, మగ వేర్వేరుగా చూడడం వల్లే ఈ సంగతి బయటపడింది.

ఎలుక ముందు చెప్పింది, మనిషిలో తర్వాత కనిపించింది

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చిన్నమెదడు పరిమాణం తక్కువగా ఉంటుందని ముందే తెలుసు. 2000లో రీవ్స్ బృందం టీఎస్65డీఎన్ ఎలుకల చిన్నమెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో గ్రాన్యూల్ కణాలు పలచగా ఉన్నాయని గుర్తించింది. తర్వాత మనుషుల చిన్నమెదళ్ళను పరీక్షిస్తే అక్కడా అదే కనిపించింది. ఎవరూ చూడని సంగతిని ఎలుక ముందు చూపింది.

2013లో అదే బృందం పుట్టిన రోజునే ఎలుక పిల్లలకు ఒక్క సూది వేసింది. కణాల విభజనను పెంచే సంకేతాన్ని బలపరిచే పదార్థం అది. పెద్దయ్యాక వాటి చిన్నమెదడు మామూలు పరిమాణానికి వచ్చింది. ఆశ్చర్యమేమిటంటే అవి నీటి తొట్టి పరీక్షలో కూడా మెరుగయ్యాయి. ఆ పరీక్షకు కీలకం చిన్నమెదడు కాదు, మెదడులోని హిప్పోకాంపస్ అనే మరో భాగం. మరో రకం జ్ఞాపక పరీక్షలో మాత్రం మార్పు లేదు. కణాల ఎదుగుదలను పెంచే పదార్థాలను మనిషి బిడ్డకు ఇస్తే క్యాన్సర్ భయం ఉంటుంది కాబట్టి ఇది ఆస్పత్రిలో వాడే చికిత్స కాలేదు.

ఎలుకలో గెలిచింది, మనిషిలో ఓడింది

టీఎస్65డీఎన్ ఎలుకల మెదడులో కణాలను అణచే సంకేతాలు అతిగా ఉంటాయని, అందువల్లే జ్ఞాపకం పాదుకోవడం లేదని పరిశోధకులు గమనించారు. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో ఫేబియన్ ఫెర్నాండెజ్, క్రెయిగ్ గార్నర్ బృందం ఆ అణచివేతను తగ్గించే మందును తక్కువ మోతాదులో 17 రోజులు ఇచ్చింది. కొత్త వస్తువు పరీక్షలో ఎలుకలు మామూలువాటితో సమానమయ్యాయి. మందు ఆపాక కూడా ఆ మేలు కొన్ని వారాలు నిలిచింది. ఎక్కువ మోతాదులో అదే మందు మూర్ఛలు తెప్పిస్తుంది.

ఆ ఆలోచనతోనే మరింత సురక్షితమైన బాస్మిసానిల్ అనే మందును రోష్ కంపెనీ డౌన్ సిండ్రోమ్ ఉన్న కౌమార వయస్కుల్లో, యువతలో పరీక్షించింది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే మేలేమీ కనిపించలేదని 2016లో ప్రకటించింది. ఎలుకల్లో ఆశ చూపిన మెమాంటిన్ అనే మందు కూడా 40 ఏళ్ళు దాటినవారిలో ఏడాది పాటు ఇచ్చినా పనిచేయలేదని 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

వీటిని వృథా ప్రయాస అనకూడదు. ఆ పరీక్షల్లో పాల్గొన్న యువతీయువకులూ వారి కుటుంబాలూ ఇచ్చిన సమయం వల్లే ఇప్పుడు ప్రశ్నలు మెరుగయ్యాయి. ఎలుకకు ఏ వయసులో మందు ఇచ్చారు, మనిషికి ఏ వయసులో ఇచ్చారు? ఎలుక వస్తువును గుర్తుపట్టడమూ మనిషి మాటలను గుర్తుపెట్టుకోవడమూ ఒకటేనా? ఇలాంటి ప్రశ్నలు వేయకుండా ఇప్పుడెవరూ ముందుకు వెళ్ళడం లేదు.

ముక్కుకూ జ్ఞాపకానికీ ముడి

2022లో ఫ్రాన్స్‌లోని లీల్ నుంచి వచ్చిన ఒక పరిశోధన సైన్స్ పత్రికలో వెలువడింది. విన్సెంట్ ప్రెవో బృందం టీఎస్65డీఎన్ ఎలుకలకు వయసు పెరిగేకొద్దీ వాసన పట్టే శక్తి, జ్ఞాపకశక్తి రెండూ తగ్గడం గమనించింది. యుక్తవయసును నడిపించే ఒక హార్మోనును విడుదల చేసే మెదడు కణాలు వాటిలో తగ్గిపోతున్నాయి. చిన్న పంపుతో ఆ హార్మోనును విడతలు విడతలుగా అందిస్తే ఎలుకల్లో రెండు శక్తులూ తిరిగి పుంజుకున్నాయి.

స్విట్జర్లండ్ వైద్యులతో కలిసి డౌన్ సిండ్రోమ్ ఉన్న ఏడుగురు పురుషులకు ఆరు నెలల పాటు రెండేసి గంటలకొకసారి ఆ హార్మోనును పంపుతో ఇచ్చారు. ఆరుగురిలో ఆలోచనకు సంబంధించిన పరీక్షల ఫలితాలు మెరుగయ్యాయి, వాసన పట్టే శక్తి మారలేదు. పాల్గొన్నది ఏడుగురే, పోల్చడానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన మరో గుంపు లేదు. ఆశ పెట్టుకోదగ్గ ఆరంభం అనాలి, అంతకు మించి ఇప్పుడే అనకూడదు.

ఎలుకల్లో కొత్త తరం

టీఎస్65డీఎన్ అదనపు క్రోమోజోములో డౌన్ సిండ్రోమ్‌తో సంబంధం లేని 17వ క్రోమోజోము జన్యువులు పదుల కొద్దీ ఉన్నాయని 2011లో తేలింది. అప్పటి దాకా చూసిన ప్రవర్తనలో ఎంత భాగం వాటి వల్ల వచ్చిందో అన్న సందేహం మొదలైంది. సాటివచ్చే జన్యువులనే పెంచిన ఎలుకలను న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో యూజీన్ యూ బృందం అప్పటికే తయారుచేసింది.

లండన్‌లో విక్టర్ టైబులెవిచ్, ఎలిజబెత్ ఫిషర్ ఏకంగా మనిషి 21వ క్రోమోజోమునే ఎలుకలో పెట్టి 2005లో చూపించారు. అది అన్ని కణాల్లోనూ నిలవకపోవడం పెద్ద చిక్కయింది. 2020లో జపాన్‌లోని తొత్తోరి విశ్వవిద్యాలయానికి చెందిన యసుహిరో కజుకి, రీవ్స్ తదితరులు మనిషి 21వ క్రోమోజోము జన్యువుల్లో 90 శాతానికి పైగా ఉన్న ఎలుకను తీసుకొచ్చారు. అందులో ఆ క్రోమోజోము కణాల్లో స్థిరంగా నిలుస్తుంది. ఈ ఎలుక కూడా నేర్చుకునే పరీక్షల్లో తడబడింది. వేర్వేరు దారుల్లో తయారైన ఎలుకలు ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాటకు బలం వస్తుంది.

ఎలుక చెప్పలేనివి

అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే పదార్థానికి మూలమైన జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 40 ఏళ్ళ వయసుకు దాదాపు అందరి మెదళ్ళలోనూ ఆ పేరుకుపోవడం కనిపిస్తుంది. టీఎస్65డీఎన్ ఎలుకలో ఆ గడ్డలు కట్టవు. అయితే జ్ఞాపకానికి అవసరమైన కొన్ని కణాలు దాని మెదడులో వయసుతో పాటు క్షీణిస్తాయి. వ్యాధిలో ఒక భాగాన్ని అది చూపిస్తుంది, ఇంకో భాగాన్ని చూపించలేదు. భాష, స్నేహం, హాస్యం, చదువు, ఉద్యోగం, ఇవేవీ ఎలుక బోనులో దొరకవు. వాటి గురించి డౌన్ సిండ్రోమ్ ఉన్న మనుషులనే అడగాలి, వాళ్ళ మాటే వినాలి.

ఇక్కడి నుంచి మన ఇళ్ళకు రావాల్సిన పాఠం

ఎలుకకు గుర్తులేదని రాసే ముందు పరిశోధకులు ఏమేం చూస్తారు? చూపు ఉందా, ఈదగలదా, భయపడిందా, దాన్ని ఎలా పట్టుకున్నారు? అన్నీ సరిచూశాకే జ్ఞాపకం గురించి మాట్లాడతారు. మన పిల్లల విషయంలో కనీసం అంత జాగ్రత్త ఉందా?

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో సగానికి పైగా వినికిడి సమస్యలు వస్తాయి. చెవిలో నీరు చేరడమే చాలాసార్లు దానికి కారణం, దానికి చికిత్స ఉంది. సగానికి పైగా కంటి సమస్యలు వస్తాయి. కళ్ళద్దాలతో చాలావాటిని సరిదిద్దవచ్చు. థైరాయిడ్ లోపం వీళ్ళలో ఎక్కువ, రక్తపరీక్షతో తెలుస్తుంది, మాత్రతో అదుపులో ఉంటుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం కూడా చాలామందిలో ఉంటుంది. అలాంటి పిల్ల పగలంతా మగతగా, చిరాకుగా ఉంటుంది. టీచర్ చెప్పింది వినబడని పిల్లాడికి, బోర్డు మీద రాసింది కనబడని పిల్లకు, రాత్రంతా సరైన నిద్ర లేని పిల్లకు చదువు రాకపోతే దాన్ని తెలివి తక్కువతనం అనడం అన్యాయం.

మందుల కోసం ఎదురుచూడాల్సిన కాలం ఇంకా ఉంది. చెవి, కన్ను, థైరాయిడ్, నిద్ర పరీక్షలకు మాత్రం ఎదురుచూడాల్సిన పనిలేదు. పుట్టినప్పటి నుంచీ డాక్టరు చెప్పిన వేళలకు వీటిని చేయించాలి. పిల్ల తప్పు చేసినప్పుడల్లా "రాదు" అనే ముందు "ఎందుకు రాలేదు" అని అడగాలి. ప్రయోగశాలలో చిట్టెలుకకు దక్కే ఆ ఒక్క ప్రశ్న మన పిల్లలకు తప్పకుండా దక్కాలి.